కారు వేగం మన మాట విననప్పుడు: ముందు న్యూట్రల్, ఆ తర్వాతే మిగతావన్నీ

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థమవుతుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తూ సూర్యాపేట దాటాక క్రూజ్ కంట్రోల్ (పెడల్ తొక్కకుండానే బండిని పెట్టిన వేగంలో నడిపే ఏర్పాటు) 95లో పెట్టారు. ఒక లారీని దాటడానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారు. దాటాక కాలు తీసినా వేగం తగ్గలేదు, 110 దాటింది. కొర్లపహాడ్ టోల్ ప్లాజా దగ్గరపడుతోంది. క్యాన్సిల్ నొక్కితే ఫలితం లేదు. బ్రేకు తొక్కితే తగ్గింది, వదిలితే మళ్ళీ లాగింది. నాలుగైదుసార్లు అలా తొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడింది. ఎలాగో ఎడమ పక్కకు తెచ్చి ఇంజిన్ ఆపేశారు. సర్వీస్ సెంటర్ వాళ్ళు స్కాన్ చేసి "ఏమీ లేదు సార్" అన్నారు. బండి పెట్రోల్ ఆటోమేటిక్, కొని రెండేళ్ళయింది. అసలు ఏం జరిగింది, మళ్ళీ జరిగితే ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

నేను వర్క్‌షాప్ నడుపుతాను. కొత్తగా ఆటోమేటిక్ కొన్నవాళ్ళకు పక్కన కూర్చుని నేర్పడం కూడా నా పనిలో భాగమే. కాబట్టి "బండి దానంతటదే పరిగెత్తింది" అన్న మాట నాకు బాగా అలవాటు. ముందు ఏం చేయాలో చెప్తాను, కారణాలు తర్వాత. ఎందుకంటే రోడ్డు మీద ఉన్నప్పుడు కారణం తెలుసుకునే టైమ్ ఉండదు. వంద వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది.

కాళ్ళ కింది మ్యాట్‌లో పెడల్ ఇరుక్కున్నా, క్రూజ్ మొరాయించినా, సెన్సర్ చెడినా చేయాల్సిన మొదటి పని ఒక్కటే. ఇంజిన్ బలం చక్రాలకు అందకుండా తెంచేయాలి. మాన్యువల్ బండి అయితే క్లచ్ పూర్తిగా తొక్కితే అయిపోయింది. ఆటోమేటిక్ అయితే గేర్‌ను డీ (డ్రైవ్) నుంచి ఎన్ (న్యూట్రల్)లోకి తోయాలి. పీ (పార్క్), ఆర్ (రివర్స్), ఎన్, డీ అని వరసగా ఉండే మామూలు లివర్లలో ఒక మంచి ఏర్పాటు ఉంది. పక్కన ఉండే బటన్ నొక్కకుండా అరచేత్తో ముందుకు తోస్తే లివర్ ఎన్ దగ్గర ఆగిపోతుంది. ఆర్‌లోకి వెళ్ళాలంటే బటన్ నొక్కి తీరాలి. అందుకే కంగారులో కూడా వేళ్ళు బటన్ మీద వేయకండి, అరచేయి చాలు. కళ్ళు కిందికి దించాల్సిన పని కూడా ఉండదు. కొన్ని కార్లలో లివర్ వంకర టింకర దారిలో నడుస్తుంది, కొన్నింటిలో తిప్పే నాబ్ ఉంటుంది. నాబ్ ఉన్నవాటిలో, ముఖ్యంగా ఎలక్ట్రిక్ బండ్లలో, నడుస్తుండగా ఎన్ పడాలంటే ఒకటి రెండు సెకన్లు అలాగే పట్టుకోవాల్సి రావచ్చు. ఏఎంటీ బండ్లలో (మాన్యువల్ గేర్లనే కంప్యూటర్ మార్చే రకం) కూడా ఎన్ ఉంటుంది గానీ అది ఏ వైపు ఉందన్నది కంపెనీని బట్టి మారుతుంది. మీ బండిలో ఎటు తోయాలో ఇప్పుడే, ఇంటి ముందు నిలబెట్టి చూసుకోండి.

ఎన్‌లో పడగానే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది. మీరు ఎప్పుడూ విని ఉండరు కాబట్టి బండి పేలిపోతుందేమో అనిపిస్తుంది. పేలదు. ఇప్పటి ఇంజిన్లన్నింటిలో ఒక హద్దు దాటితే ఇంధనాన్ని కోసేసే ఏర్పాటు ఉంది, ఆ హద్దు దగ్గరే కొట్టుకుంటూ ఉంటుంది. ఆ అరుపుకు బెదిరి మళ్ళీ డీలోకి లాగేవాళ్ళున్నారు, అదే ప్రమాదం. ఒకవేళ ఇంజిన్ పాడైనా పోనివ్వండి, ఇంజిన్ కొత్తది దొరుకుతుంది.

తర్వాత బ్రేకు. ఒకేసారి, గట్టిగా, వదలకుండా తొక్కాలి. మన దగ్గర పాత డ్రైవర్లు చెప్పే "పంపు కొట్టు" అన్న సలహా ఇక్కడ పనికిరాదు, పైగా ముంచుతుంది. బ్రేకు పెడల్ వెనక బూస్టర్ అని ఒక డబ్బా ఉంటుంది. మన కాలి బలాన్ని అది పెంచుతుంది. మామూలు పెట్రోల్ ఇంజిన్‌లో ఆ బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్, అంటే గాలి లాగేసిన ఖాళీ, ఇంజిన్ గాలి పీల్చుకునే దారి నుంచే వస్తుంది. యాక్సిలరేటర్ వదిలేసి ఉంటే ఆ దారి మూసుకుని ఉంటుంది, వాక్యూమ్ బాగా పుడుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తెరుచుకుని ఇరుక్కుంటే దాదాపు పుట్టదు. బూస్టర్‌లో నిల్వ ఉన్నది ఒకటి రెండు నొక్కులకే సరిపోతుంది. మీరు తొక్కి వదిలిన ప్రతిసారీ ఆ నిల్వ కొంత ఖర్చయింది. నాలుగైదుసార్లకు అయిపోయింది. పెడల్ గట్టిపడటం అంటే బ్రేకులు పోవడం కాదు, సాయం పోవడం. అప్పటికీ రెండు కాళ్ళతో బలమంతా పెట్టి తొక్కితే బ్రేకు పడుతుంది. డీజిల్ బండ్లకు, చాలా టర్బో పెట్రోల్ బండ్లకు వాక్యూమ్ కోసం విడిగా పంపు ఉంటుంది, కొన్ని కొత్త బండ్లలో బూస్టరే కరెంటుతో నడుస్తుంది. వాటికి ఈ బాధ తక్కువ. అయినా అలవాటు ఒకటే పెట్టుకోండి.

పంపు కొట్టడం ఎప్పుడు పనికొస్తుందంటే, పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతున్నప్పుడు. అది బ్రేకు ఆయిల్ కారిపోయో, లోపల సీల్ పోయో వచ్చే సమస్య. అప్పుడు పదే పదే తొక్కితే కొంత ఒత్తిడి తయారవుతుంది. రెండూ వేరు వేరు జబ్బులు, ఒకదాని మందు ఇంకోదానికి వాడకూడదు.

"యాక్సిలరేటర్ పూర్తిగా ఇరుక్కుంటే బ్రేకు ఆపగలదా?" అని చాలామంది అడుగుతారు. ఆపగలదు. అమెరికాలో కార్ అండ్ డ్రైవర్ పత్రిక 2009లో వీ6 ఇంజిన్ ఉన్న టొయోటా క్యామ్రీ మీద ఈ పరీక్ష చేసింది. గంటకు 70 మైళ్ళ వేగంలో, అంటే సుమారు 113 కిలోమీటర్ల దగ్గర, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి బ్రేకు వేస్తే, మామూలుగా ఆగే దూరం కన్నా 16 అడుగులు మాత్రమే ఎక్కువ పట్టింది. కానీ అది ఒక్కసారి, పూర్తి బలంతో వేసిన బ్రేకు. సగం సగం తొక్కుతూ కిలోమీటర్ల కొద్దీ ఇంజిన్‌తో కుస్తీ పడితే బ్రేకులు కాలిపోతాయి. కాలిన బ్రేకు పట్టదు.

ఈ రెండింటికీ తేడా ఏమిటో చూపించే నిజమైన ఘటన ఒకటుంది. 2009 ఆగస్టు 28న కాలిఫోర్నియాలో శాన్ డియాగో దగ్గర శాంటీ అనే ఊళ్ళో జరిగింది. డ్యూటీలో లేని ఒక హైవే పోలీసు అధికారి తన కారు సర్వీసుకిచ్చి, షోరూమ్ వాళ్ళిచ్చిన లెక్సస్ ఈఎస్ 350లో కుటుంబంతో వెళ్తున్నారు. ఆ బండిలో వేసిన రబ్బరు మ్యాట్ దానిది కాదు, వేరే లెక్సస్ మోడల్‌ది. యాక్సిలరేటర్ దాని కింద ఇరుక్కుంది. బండి వేగం గంటకు వంద మైళ్ళు దాటింది, బ్రేకులు కాలిపోయాయి, లోపలున్న నలుగురూ చనిపోయారు. నడిపింది రోడ్ల మీద బతికిన మనిషి. కానీ అది ఆయన బండి కాదు. దాని గేర్ లివర్ దారి వేరు. స్టార్ట్ బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే గానీ నడుస్తున్న ఇంజిన్ ఆగదు, ఆ సంగతి బటన్ మీద ఎక్కడా రాసి ఉండదు.

దర్యాప్తులో ఇంకో విషయం బయటపడింది. కొద్దిరోజుల ముందు అదే బండిని తీసుకెళ్ళిన వేరే కస్టమర్‌కు అదే మ్యాట్ వల్ల అదే సమస్య వచ్చింది. ఆయన బ్రేకు గట్టిగా పట్టి వేగం తగ్గించి, న్యూట్రల్‌లో వేసి, ఇంజిన్ అరుస్తుండగానే రోడ్డు పక్కకు తెచ్చి ఆపారు. తర్వాత మ్యాట్ సరిచేసుకుని, బండి తిరిగి ఇచ్చేటప్పుడు షోరూమ్‌లో చెప్పారు కూడా. అదే బండి, అదే మ్యాట్. నేను నేర్పేటప్పుడు ఈ కథ తప్పకుండా చెప్తాను, ఎందుకంటే న్యూట్రల్ గురించి ఎంత ఉపన్యాసం ఇచ్చినా దీనంత గట్టిగా దిగదు.

ఆ తర్వాత టొయోటా అమెరికాలో మ్యాట్ల కోసమే దాదాపు 38 లక్షల బండ్లకు రీకాల్ (లోపం సరిచేయడానికి బండ్లను వెనక్కి పిలవడం) ప్రకటించింది. ఎలక్ట్రానిక్స్ వల్లేనేమో అన్న అనుమానం మీద అక్కడి రవాణా శాఖ నాసా ఇంజినీర్లతో పరిశోధన చేయించింది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన నివేదికలో ఇరుక్కునే మ్యాట్లు, తొక్కాక సరిగ్గా పైకి రాని పెడళ్ళు తప్ప అలా బండి దూసుకుపోవడానికి ఎలక్ట్రానిక్ కారణం దొరకలేదని తేల్చారు. ఈ గొడవ తర్వాతే బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి నొక్కి ఉంటే బ్రేకు మాటే వినే ఏర్పాటు చాలా కంపెనీలు పెట్టాయి. మీ బండిలో అది ఉందో లేదో మాన్యువల్‌లో చూడండి. మీరు చెప్పిన తీరు చూస్తే లేదనే అనిపిస్తోంది.

ఇక ఇంజిన్ ఆపేయడం సంగతి. అది చివరి దారి, న్యూట్రల్ పడనప్పుడే. తాళం చెవి బండి అయితే ఒక్క మెట్టు మాత్రమే వెనక్కి తిప్పాలి. చెవి బయటికి లాగారంటే స్టీరింగ్ లాక్ పడుతుంది, ఆ తర్వాత చేసేదేమీ ఉండదు. బటన్ బండి అయితే రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి, లేదా వెంట వెంటనే మూడుసార్లు నొక్కాలి. ఇది కంపెనీ కంపెనీకీ కొంచెం మారుతుంది, మీ మాన్యువల్‌లో "అత్యవసరంగా ఇంజిన్ ఆపడం" అన్న చోట ఒక్క పేరాలో ఉంటుంది. ఇంజిన్ ఆగాక స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు సాయం ఒకటి రెండు నొక్కులకు మించి ఉండదు. తెలిసి ఉంటే అది పెద్ద విషయం కాదు. తెలియకపోతే స్టీరింగ్ కూడా జామ్ అయిందనుకుని చేతులు వదిలేస్తారు.

చేయకూడనివి కూడా చెప్పాలి. నడుస్తున్న బండిని పీలో వేయొద్దు, ఆర్‌లో వేయొద్దు. చెయ్యి కిందికి పెట్టి మ్యాట్ లాగడానికి వంగొద్దు. కావాలంటే కాలి బొటనవేలు పెడల్ కింద పెట్టి ఒక్కసారి పైకి ఎత్తి చూడండి, రాకపోతే వదిలేయండి. హ్యాండ్ బ్రేకు ఒక్కసారిగా లాగొద్దు, అది వెనక చక్రాలకే పడుతుంది, వేగంలో వెనక చక్రాలు బిగుసుకుంటే బండి తిరిగిపోతుంది. పెట్రోల్ అయిపోయేదాకా నడుపుదామన్న ఆలోచన అసలే వద్దు. 2013లో ఫ్రాన్స్‌లో ఒకాయన రెనో లగూనా 200 వేగంలో ఇరుక్కుపోయిందంటూ పోలీసు బండ్లు తోడు రాగా సరిహద్దు దాటి బెల్జియం వెళ్ళి, ఇంధనం అయిపోయాక గుంటలో దిగి బతికి బయటపడ్డాడు. మన విజయవాడ హైవే మీద రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ట్రాక్టర్, డివైడర్ దాటే గేదె, వీటి మధ్య ఆ సాహసం పది నిమిషాలు కూడా సాగదు.

ఇప్పుడు మీ బండికి ఏమైందో నా అంచనా. మీరు రాసిన వాటిలో మూడు సంగతులు నాకు ముఖ్యంగా కనిపించాయి. మొదటిది, 95లో పెట్టిన బండి 110 దాటింది. క్రూజ్ ఆగనని మొండికేస్తే పెట్టిన వేగం దగ్గరే ఉండాలి, దాన్ని మించి లాగాల్సిన పని దానికి లేదు. రెండోది, ఇది మొదలైంది మీరు లారీని దాటడానికి పెడల్ నేల దాకా తొక్కిన తర్వాత. మూడోది బ్రేకు గట్టిపడటం. అంటే ఇంజిన్ బాగా తెరుచుకుని ఉంది. ఈ మూడూ కలిపి చూస్తే క్రూజ్‌కు ఇందులో పాత్ర లేదు. పెడల్ కిందే ఇరుక్కుంది. క్యాన్సిల్ నొక్కితే క్రూజ్ ఆగే ఉంటుంది, కానీ ఇంజిన్ అప్పటికి పెడల్ మాట వింటోంది.

మీరు పెట్టిన ఫొటో చూడండి. కంపెనీ ఇచ్చిన మ్యాట్ అలాగే ఉంది. దాని మీద యాక్సెసరీస్ షాపులో వేయించిన 7డీ మ్యాట్ ఉంది. అది అంగుళం దాకా మందం, అంచులు పైకి లేచి గోడలా ఉన్నాయి. డ్రైవర్ సీటు కింద నేల మీద మ్యాట్‌ను పట్టుకునే కొక్కేలు రెండు ఉంటాయి, అవి కంపెనీ మ్యాట్ రంధ్రాల్లో ఉన్నాయి. పైదానికి ఏ కొక్కెమూ లేదు. ఎక్కి దిగినప్పుడల్లా మడమతో ముందుకు జరుగుతూ పోయి, దాని అంచు యాక్సిలరేటర్ కింది కొస దగ్గర కూర్చుంది. మామూలుగా తొక్కితే ఏమీ కాదు. నేల దాకా తొక్కినప్పుడు పెడల్ కొస ఆ అంచు కిందికి దూరుతుంది, పైకి రాదు. ఇంజిన్ ఆపేసి, పెడల్‌ను చేత్తో పూర్తిగా నొక్కి, మ్యాట్‌ను ముందుకు తోసి, వదిలి చూడండి. నేను చెప్పింది నిజమో కాదో ఇంటి దగ్గరే తేలిపోతుంది. స్కానర్‌లో ఏమీ రాకపోవడానికి కారణం కూడా ఇదే. కంప్యూటర్ లెక్క ప్రకారం డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కాడు, బండి వెళ్ళింది. అందులో దానికి తప్పేం కనిపిస్తుంది?

పరిష్కారం కూడా తేలిక. డ్రైవర్ వైపు ఒక్కటే మ్యాట్ ఉండాలి, అది కొక్కేలకు తగులుకుని ఉండాలి. 7డీ మ్యాట్ మీద మోజు ఉంటే మిగతా సీట్ల దగ్గర వేసుకోండి. అలాగే డ్రైవర్ డోర్‌లో పెట్టిన నీళ్ళ సీసా బిగుతుగా కూర్చోకపోతే తీసేయండి. బ్రేకు వేసినప్పుడు సీటు కింద నుంచి దొర్లి వచ్చి బ్రేకు పెడల్ వెనక ఇరుక్కునే లీటరు సీసా మ్యాట్ కన్నా ఘోరం. హవాయి చెప్పులు వేసుకుని నడపడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

మళ్ళీ ఎప్పుడైనా వేగం తగ్గకపోతే తప్పు ఎక్కడుందో పాదానికే తెలుస్తుంది. ఇప్పటి బండ్లలో పెడల్‌కు కేబుల్ ఉండదు, క్రూజ్ నడుస్తున్నప్పుడు పెడల్ పైనే ఉంటుంది. బండి లాగుతుంటే పెడల్ కిందికి దిగి ఉందంటే మ్యాటో, సీసాయో, పెడలో. పెడల్ పైన స్వేచ్ఛగా ఉన్నా లాగుతుందంటే అప్పుడు క్రూజ్‌ను, ఎలక్ట్రానిక్స్‌ను అనుమానించాలి. ఏదైనా సరే చేయాల్సింది అదే, న్యూట్రల్. కాకపోతే మెకానిక్‌కు చెప్పేటప్పుడు ఈ ఒక్క ముక్క వందల రూపాయల స్కానింగ్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

క్రూజ్ నిజంగా ఆగకపోవడం అనేది లేకపోలేదు. 2018 మే నెలలో ఫియట్ క్రైస్లర్ కంపెనీ అమెరికాలో 48 లక్షల బండ్లకు రీకాల్ ప్రకటించింది. జీప్, డాడ్జ్, క్రైస్లర్, ర్యామ్ బండ్లు అవి. ఒక ఎలక్ట్రికల్ షార్ట్ వల్ల కొన్ని అరుదైన సందర్భాల్లో క్రూజ్‌ను డ్రైవర్ ఆపలేకపోవచ్చని చెప్పి, సాఫ్ట్‌వేర్ మార్చేదాకా క్రూజ్ వాడొద్దన్నారు. ఒకవేళ అలా జరిగితే న్యూట్రల్‌లో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, ఆగాక పీలో పెట్టమని సలహా ఇచ్చారు. మనవాళ్ళు అమెరికాలో సెకండ్ హ్యాండ్ జీపులు, డాడ్జ్‌లు కొనడం మామూలే. 2014 నుంచి 2019 మధ్య మోడల్ అయితే బండి విన్ నంబరుతో (ప్రతి బండికీ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) ఆ దేశపు రవాణా భద్రతా సంస్థ సైట్‌లో రీకాల్ పని పూర్తయిందో లేదో చూసుకోవచ్చు, ఖర్చేమీ ఉండదు. పెడల్ సమస్యలు కొత్త బండ్లలో కూడా పోలేదు. 2024 ఏప్రిల్‌లో టెస్లా తన సైబర్‌ట్రక్‌లను వెనక్కి పిలిచింది. యాక్సిలరేటర్ పెడల్ మీద ఉండే రేకు జారి పైనున్న ప్యానెల్‌లో ఇరుక్కునే అవకాశం ఉందట. బిగించేటప్పుడు తేలిగ్గా ఎక్కుతుందని సబ్బు రాశారు, అదీ అసలు కారణం.

మన దగ్గర నాకు వచ్చే క్రూజ్ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చెడిపోవడం కాదు, అర్థం కాకపోవడం. ముందు బండిని చూసి వేగం తగ్గించుకునే కొత్త రకం క్రూజ్ తీసుకోండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 100లో పెట్టారు. ముందు ఓ లారీ 60లో వెళ్తోంది, మీ బండి కూడా 60కి తగ్గి వెనకే వస్తోంది. మీకు క్రూజ్ ఉన్న సంగతే గుర్తులేదు. ఎగ్జిట్ ర్యాంప్ మీదికి తిప్పారు, ముందున్న లారీ తప్పుకుంది. రాడార్‌కు ఖాళీ రోడ్డు కనిపించింది. బండి మళ్ళీ 100 అందుకోవడానికి మలుపులోనే లాగుతుంది. డ్రైవర్‌కు గుండె ఆగినంత పని అవుతుంది. అది లోపం కాదు, దాని పని అది చేసింది. ఎగ్జిట్ బోర్డు కనిపించగానే క్రూజ్ తీసేయడం అలవాటు చేసుకోవాలి. వాన పడుతున్నప్పుడు కూడా వాడొద్దు.

క్రూజ్‌లో తరచూ చెడిపోయేది బ్రేకు పెడల్ పైన ఉండే చిన్న స్విచ్. బ్రేకు తొక్కారన్న సంగతి కంప్యూటర్‌కు చెప్పేది అదే, వెనక ఎర్ర లైట్లు వెలిగించేదీ అదే. చాలా బండ్లలో అది చెడితే క్రూజ్ అసలు పడదు, భద్రత కోసం అలా పెడతారు. నెలకోసారి రాత్రిపూట గోడకు వెనక్కి ఆనించి బ్రేకు తొక్కి, అద్దంలో ఎర్ర వెలుగు వస్తోందా చూడండి. ఖర్చు లేని పరీక్ష.

హైవే కన్నా ఎక్కువ బండ్లు "దానంతటవే" దూసుకుపోయేది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. అక్కడ మ్యాట్ లేదు, క్రూజ్ లేదు. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడమే. తొక్కినవాళ్ళకు తాము బ్రేకే తొక్కుతున్నామన్న గట్టి నమ్మకం ఉంటుంది, బండి పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా తొక్కుతారు. అందుకే తర్వాత "బ్రేకు ఫెయిల్" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ళ పెద్దాయన నడిపిన ప్రియస్ తల్లీకూతుళ్ళను బలి తీసుకుంది. బండి లోపమని ఆయన కోర్టులో వాదించారు. బండిలో రికార్డయిన వివరాల్లో బ్రేకు తొక్కిన ఆనవాలు లేదు, 2021లో ఐదేళ్ళ శిక్ష పడింది. అంతకు చాలా ముందు 1986లో అమెరికాలో ఆడి 5000 మీద ఇదే గొడవ టీవీకెక్కింది, 1989లో ప్రభుత్వ నివేదిక చాలావరకు పెడల్ పొరపాటే అంది. బ్రేకు తొక్కితే గానీ పీ నుంచి లివర్ కదలని ఏర్పాటు ఆడి తెచ్చింది ఆ గొడవలోనే, ఇప్పుడు పీ ఉన్న మన ఆటోమేటిక్‌లలో చూస్తున్నాం.

నేర్పేటప్పుడు నేను గమనించేది మడమ. మడమ బ్రేకు ఎదురుగా నేల మీద ఆనించి, పాదం ముందు భాగం మాత్రమే కుడికి తిప్పి యాక్సిలరేటర్ అందుకోవాలి. చాలామంది మడమ కూడా ఎత్తి పాదం మొత్తం మారుస్తారు, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడ పడుతుందో పాదానికి తెలియదు. రివర్స్ తీసేటప్పుడు నడుము తిప్పి వెనక్కి చూస్తే కాలు తెలియకుండా కుడి పక్కకు జరుగుతుంది. ఆటోమేటిక్ చదునైన చోట బ్రేకు వదిలితేనే మెల్లగా కదులుతుంది కాబట్టి సెల్లార్‌లో పార్క్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ జోలికే పోవద్దు, ర్యాంప్ ఎక్కేటప్పుడు తప్ప. రెండు కాళ్ళతో నడపడం మాత్రం నేను ఎవరికీ చెప్పను.

పాత డీజిల్ బండి ఉన్నవాళ్ళకు ఒక మాట. టర్బో సీల్ పోతే ఇంజిన్ ఆయిల్ గాలి దారిలోకి చేరి, ఇంజిన్ డీజిల్‌తో పని లేకుండా తన ఆయిల్‌నే తాగుతూ పరిగెత్తుతుంది. వెనక దట్టంగా పొగ వస్తుంది. చెవి తిప్పినా ఆగదు. మాన్యువల్ బండి అయితే ఆపిన తర్వాత టాప్ గేర్‌లో వేసి, బ్రేకు పూర్తి బలంతో తొక్కి ఉంచి, క్లచ్ ఒక్కసారి వదిలేస్తే ఇంజిన్ ఊపిరాడక ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే దిగి దూరంగా వెళ్ళండి, బానెట్ ఎత్తి లోపల తల పెట్టొద్దు.

బ్రేకులే పోతే, అంటే పెడల్ నేలకు దిగిపోతే, అప్పుడు న్యూట్రల్ వేయకూడదు. యాక్సిలరేటర్ వదిలేసి గేర్లు ఒక్కొక్కటీ తగ్గిస్తూ ఇంజిన్‌తో ఆపాలి, తిరుమల ఘాట్ దిగేటప్పుడు చేసినట్టే. లివర్ హ్యాండ్ బ్రేకు అయితే కొన మీది బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగుతూ వదులుతూ రావాలి. ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేకు బటన్ ఉన్న చాలా కార్లలో, నడుస్తుండగా ఆ బటన్ పైకి లాగి అలాగే పట్టుకుంటే కంప్యూటరే బండిని అదుపు తప్పకుండా ఆపుతుంది. ఇది తెలిసినవాళ్ళు చాలా తక్కువ.

సాధన లేకుండా ఇదంతా చదివి లాభం లేదు. ఆదివారం తెల్లవారుజామున ఖాళీగా ఉన్న సర్వీస్ రోడ్డు మీద 40 వేగంలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, డీ నుంచి ఎన్‌కు తోయండి. బండి జారుతూ పోతుంది, అంతే. కాలు పెట్టకుండానే మళ్ళీ డీలోకి తెండి. చూడకుండా చెయ్యి వెళ్ళేదాకా చేయండి. ఇంట్లో ఆ బండి నడిపే ప్రతి ఒక్కరి చేతా చేయించండి. ఇంజిన్ ఆపే ప్రయోగం మాత్రం నడుస్తున్న బండిలో చేయొద్దు.

నిజంగా జరిగిన రోజున బండి ఎడమ అంచుకు చేరి ఆగాక, ఎన్‌లో ఉండగానే ఇంజిన్ ఆపి, పీలో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, అందరూ రెయిలింగ్ అవతలికి వెళ్ళండి. జాతీయ రహదారి మీద 1033కు, ప్రాణాపాయం ఉంటే 112కు ఫోన్ చేయండి. ఏదీ కదపకముందు పెడళ్ళు, మ్యాట్ ఉన్నది ఉన్నట్టు ఫోన్‌లో ఫొటో తీయండి.

సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు మీద "జనరల్ చెకప్" అని రాయనివ్వకండి. "నడుస్తుండగా యాక్సిలరేటర్ వదిలినా వేగం తగ్గలేదు" అని మీ మాటల్లో రాయించి, తేదీ, వేగం, కిలోమీటర్ రీడింగ్ వేయించి, నకలు తీసుకోండి. మ్యాట్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి పెడల్ కదలిక మీ ముందే చూపించమనండి. మ్యాట్ తీసేశాక కూడా పెడల్ బరువుగా, ఆలస్యంగా పైకి వస్తుంటే పెడల్ మార్పించండి. ఏడేళ్ళ లోపు బండ్లలో తయారీ లోపం అనిపిస్తే కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఒకే మోడల్ మీద ఫిర్యాదులు ఒక హద్దు దాటితే కంపెనీని రీకాల్ చేయమని ప్రభుత్వం ఆదేశించగలదు, జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఉంది. ఆ ఫిర్యాదుకు పనికొచ్చేది ఈ జాబ్ కార్డు నకలే. ముందు మాత్రం ఆ 7డీ మ్యాట్ తీసి, పెడల్ పరీక్ష చేసి, ఏమైందో ఇక్కడే రాయండి.